ప్రశ్నపత్రమా, అప్పు కాయితమా? డబ్బు తెలివి కొలవడానికి ఏది మేలు?

తిరుపతిలో పొదుపు సంఘాల ఆడవాళ్లకి డబ్బు లెక్కలు ఎంత తెలుసో చూడ్డానికి రెండు దారులున్నాయి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేయడం ఒకటి, ఎవరి అప్పు కాయితం వాళ్ల చేతే చదివించడం ఇంకొకటి. నేను రెండోదాని వైపే.

ప్రశ్నపత్రం దండగ అనను. 2019లో ఎన్‌సీఎఫ్‌ఈ (డబ్బు విషయాలు జనానికి నేర్పే జాతీయ సంస్థ) దేశమంతా సర్వే చేసి ఆర్థిక అక్షరాస్యత 27 శాతం మందికే ఉందని చెప్పగలిగిందంటే అందరినీ ఒకే ప్రశ్నలు అడిగింది కాబట్టే. కానీ ఇలాంటి పత్రాల్లో తరచూ కనిపించే ప్రశ్న చూడండి: వంద రూపాయలు ఏడాదికి 2 శాతం వడ్డీకి వేస్తే ఐదేళ్లకి 102 కంటే ఎక్కువవుతుందా, తక్కువా? కొర్లగుంటలో పూలమ్మే అక్కని అడిగితే "శాతాలు నాకేం తెలుస్తాయి పాపా" అంది. "పదివేలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికెంతక్కా?" అన్నాను. మూర కొలిచే చెయ్యి ఆపకుండానే "రెండువేల నాలుగొందలు" అనేసింది. పేపర్లో మాత్రం ఆమెకి సున్నా!

అక్క అసలు ఇబ్బంది బయటపడింది కాయితం విప్పినప్పుడే. 50,000 అప్పు, 12 శాతం, నెలకి 4,667 చొప్పున ఏడాది. "రూపాయి వడ్డీనే కదా, చౌక" అనుకుని సంతకం పెట్టింది. కంతు కట్టేకొద్దీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం యాభై వేల మీదే వేశారు, దాంతో ఆమె కట్టే వడ్డీ 6,000. తగ్గే అసలు మీదైతే సుమారు 3,300తో పోయేది. తగ్గే అసలు మీద లెక్కేస్తే నిజానికి అది 21 శాతం దాటిన వడ్డీ. 2024 అక్టోబర్ నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఇచ్చే అప్పులకి, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు చూపించే పత్రం, అదీ మనకి అర్థమయ్యే భాషలో, ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. అది అడిగి తీసుకోవాలని అక్కకి తెలీదు.

నేర్పాల్సిందీ అప్పు కాయితం ముందున్నప్పుడే. ఎప్పుడో ఫిబ్రవరిలో మీటింగు పెట్టి కరపత్రం పంచితే అప్పు తెచ్చే రోజుకి అది ఎవరికి గుర్తుంటుంది? సంతకానికి ముందు పదినిమిషాలు పక్కన కూర్చుంటే చాలు.

కాయితం పద్ధతితో ఒక చిక్కుంది, నలుగురిలో ఎవరూ విప్పరు. ఇంట్లో చెప్పకుండా గాజులు కుదువపెట్టినవాళ్లు అసలే విప్పరు. అందుకే మీటింగులో వద్దు, ఒక్కొక్కరి ఇంటికీ పోవాలి, టైం పట్టినా సరే.