జేపెగ్ ఎక్స్‌ఎల్: పాత ఫొటోలకు హాని చేయని కొత్త ఫార్మాట్

ఏళ్ల తరబడి పేరుకుపోయిన కుటుంబ ఫొటోలను, స్కాన్ చేసిన పాత పత్రికలను, పుస్తకాలను చాలాకాలం భద్రపరచాలనుకునేవారికి ఈనాడు అందుబాటులో ఉన్న చిత్ర ఫార్మాట్లలో జేపెగ్ ఎక్స్‌ఎల్‌ను మించినది లేదని నా అభిప్రాయం. నా దగ్గరున్న ఫొటోలను, తెలుగు పత్రికల స్కాన్లను కొంతకాలంగా ఇందులోకి మారుస్తూ వచ్చిన మీదట ఏర్పడిన అభిప్రాయమిది. ఫైళ్లు చిన్నవి కావడం దీని గుణాలలో ఒకటి మాత్రమే, నా దృష్టిలో అది అన్నిటికంటే ముఖ్యమైనది కూడా కాదు.

మన ఫోన్లలో, కెమెరాలలో నేటికీ రాజ్యమేలుతున్న జేపెగ్ 1992 నాటి ప్రమాణం. దాని స్థానాన్ని అందుకునేందుకు గూగుల్ రూపొందించిన పిక్, క్లౌడినరీ సంస్థ రూపొందించిన ఫుయిఫ్ అనే రెండు ఫార్మాట్లను కలిపి, జేపెగ్ కమిటీ ఈ కొత్త ఫార్మాట్‌ను తీర్చిదిద్దింది. ఇది 18181 సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. దీన్ని వాడుకునేందుకు రాయల్టీ చెల్లించనవసరం లేదు. లిబ్‌జేఎక్స్‌ఎల్ అనే మూల సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా.

దీని అసలు ప్రత్యేకత పాత జేపెగ్ ఫైళ్లతో వ్యవహరించే తీరులో ఉంది. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ వంటి ఇతర కొత్త ఫార్మాట్లకు మార్చేటప్పుడు పాత ఫొటోను ముందు పిక్సెళ్లుగా, అంటే రంగు చుక్కలుగా, విప్పి, ఆ పిక్సెళ్లను మళ్లీ కుదించాలి. చిన్న ఫైలు రావాలంటే ఆ రెండో కుదింపులో మరికొంత సమాచారం పోక తప్పదు. జేపెగ్ ఎక్స్‌ఎల్ పిక్సెళ్ల దాకా వెళ్లదు. పాత ఫైలులో లెక్కగట్టి ఉంచిన అంకెలను యథాతథంగా తీసుకుని, వాటిని రాసిపెట్టే పద్ధతిని మాత్రమే మారుస్తుంది. అంకెలను తక్కువ చోటులో రాసే అప్పటి హఫ్‌మన్ కోడింగ్ పద్ధతికి బదులు ఇరుగుపొరుగు అంకెలను బట్టి తరువాతి అంకెను మెరుగ్గా అంచనా వేసే ఆధునిక కోడింగ్‌ను వాడుతుంది. అదే చీరను నలగకుండా మరింత చిన్న మడతగా పెట్టడం వంటిది ఈ పని. ఫైలు సుమారు 20 శాతం తగ్గుతుంది, పైగా ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత జేపెగ్‌ను ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా తిరిగి పొందవచ్చు. మూలప్రతి దక్కుతుందన్న ఈ హామీ, మళ్లీ తీయడానికి వీలులేని పెళ్లి ఫొటోలు, గతించిన పెద్దల ఫొటోలు దాచుకునేవారికి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

స్కాన్ల విషయానికి వస్తే, తెలుగు లిపికి ఇది చేసే మేలు నన్ను బాగా ఆకట్టుకుంది. పాత జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు గల గళ్లుగా విడగొడుతుంది. కుదింపు ఎక్కువైనప్పుడు నల్లని అక్షరం, తెల్లని కాగితం కలిసే అంచుల వెంట బూడిదరంగు మచ్చలు ఏర్పడతాయి. దకు ధకు, డకు ఢకు మధ్య తేడా అడుగున ఉండే చిన్న గీత మాత్రమే, ఒత్తులేమో అక్షరాల కింద మరింత సన్నగా ఇరుక్కుని ఉంటాయి. అందువల్ల ఆ మచ్చలు చదివేవారి కంటినీ, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌నూ ఒకేలా తికమక పెడతాయి. జేపెగ్ ఎక్స్‌ఎల్ బొమ్మలోని భాగాన్ని బట్టి గళ్ల పరిమాణాన్ని మార్చుకుంటుంది, అంచులను కాపాడుతూ మచ్చలను తగ్గించే వడపోతనూ జతచేస్తుంది. ఏ నష్టమూ లేకుండా దాచాలనుకుంటే అందుకు వేరే విధానమే ఉంది, దానితో వచ్చే ఫైలు నష్టంలేని పాత ఫార్మాట్ పీఎన్‌జీ కంటే గణనీయంగా చిన్నదిగా ఉంటుంది. అయితే ఇప్పటికే మచ్చలు పడిన జేపెగ్‌ను మార్చినంత మాత్రాన ఆ మచ్చలు పోవు. కొత్తగా స్కాన్ చేసేవారు ముందు నష్టం లేకుండా టిఫ్‌గానో పీఎన్‌జీగానో తీసుకుని, ఆ తరువాత ఇందులోకి మార్చడం మంచిది.

పోటీ ఫార్మాట్లను తక్కువ చేయడం న్యాయం కాదు. ఫైలును అతి చిన్నదిగా చేయాల్సి వచ్చినప్పుడు, కొంత వివరం పోయినా ఫరవాలేదనుకుంటే, ఏవీఐఎఫ్ చూపే ఫలితం చాలా బాగుంటుంది. వెబ్‌పీ అన్ని బ్రౌజర్లలోనూ తెరుచుకుంటుంది, కానీ ఒక్కో వైపు 16,383 పిక్సెళ్లకు మించిన బొమ్మను అది దాచలేదు. పైగా నష్టంతో కూడిన కుదింపులో రంగుల వివరాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గిస్తుంది కనుక, ఎర్ర సిరాతో అచ్చయిన సన్నని అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. జేపెగ్ ఎక్స్‌ఎల్‌లో ఇలాంటి ఇబ్బంది లేదు.

దీని పెద్ద లోపం ఆదరణ కొరవడటమే. గూగుల్ పరిశోధకులే దీని నిర్మాణంలో భాగస్వాములైనా, క్రోమ్ బ్రౌజరు ప్రయోగాత్మకంగా చేర్చిన మద్దతును 2022లో తొలగించాలని నిర్ణయించి, 110వ వెర్షన్‌తో తీసివేసింది. వేగంగా పనిచేసే, మెమరీ పొరపాట్లకు తావివ్వని డీకోడరును, అంటే ఫైలును విప్పే ప్రోగ్రామును, స్వాగతిస్తామని క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం బృందం 2025 నవంబరులో ప్రకటించడం సంతోషకరం. ఆపిల్ మాత్రం 2023లో సఫారీ 17తోనే దీనికి చోటిచ్చింది, ఐఫోన్ 16 ప్రో తీసే ప్రోరా అనే ముడి తరహా చిత్రాల లోపల వాడుతున్న కుదింపు కూడా ఇదే. గింప్, క్రిటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది. అయినా బంధువులకు ఫోన్లో పంపాల్సిన ఫొటోలను ప్రస్తుతానికి జేపెగ్‌గానే పంపడం మేలు.

వాడదలచినవారికి లిబ్‌జేఎక్స్‌ఎల్‌తో వచ్చే సీజేఎక్స్‌ఎల్ అనే ఉపకరణం చాలు. జేపెగ్ ఫైలును ఇస్తే అది తనంతట తానే నష్టంలేని మార్పిడి చేస్తుంది. ఇతర బొమ్మలకు దూరం (డిస్టెన్స్) అనే విలువను 0గా పెడితే ఏ నష్టమూ ఉండదు, 1గా పెడితే మామూలుగా చూసే కంటికి తేడా తెలియదు. శ్రమ (ఎఫర్ట్) విలువను పెంచితే ఫైలు ఇంకొంత తగ్గుతుంది గానీ పట్టే సమయం బాగా పెరుగుతుంది, కాబట్టి ముందే అమర్చి ఉన్న 7ను మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు. ముద్రణాలయాల నుంచి వచ్చే సీఎంవైకే (నాలుగు సిరాల రంగుల) జేపెగ్‌లకు మాత్రం ఈ నష్టంలేని మార్పిడి వర్తించదు, వాటిని అలాగే ఉంచాలి. జేపెగ్ నుంచి మార్చిన ప్రతి ఫైలునూ డీజేఎక్స్‌ఎల్ అనే జంట ఉపకరణంతో తిరిగి జేపెగ్‌గా విప్పి, చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) పాతదానితో సరిపోలిందని చూసుకున్న తరువాతే మూలప్రతిని తొలగించాలి.