మైక్రాన్ల కన్నా గ్యాప్ వోల్టేజే ఎక్కువ చెప్పింది: హైడ్రో షాఫ్ట్ ప్రోబ్‌ల మీద సమీక్ష

మాది జల విద్యుత్ కేంద్రంలోని నిలువు ఫ్రాన్సిస్ టర్బైన్ యూనిట్, 150 ఆర్‌పీఎం. షాఫ్ట్‌ను పక్కలకు జరగకుండా పట్టే మూడు గైడ్ బేరింగుల దగ్గరా 90 డిగ్రీల తేడాతో రెండేసి ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌లు; షాఫ్ట్‌ను తాకకుండానే దాని దూరాన్ని వోల్టేజ్‌గా చూపిస్తాయి. ఏళ్లుగా వాడుతున్న ఈ సిస్టమ్‌లో నాకు ప్రాణం లాంటిది గ్యాప్ వోల్టేజ్ ట్రెండ్, అంటే ప్రోబ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య సగటు దూరాన్ని చెప్పే వోల్టేజ్ రోజులు గడిచేకొద్దీ ఎటు జరుగుతోందన్నది.

కంట్రోల్ రూమ్‌లో అందరి కళ్లూ పీక్-టు-పీక్ మైక్రాన్ల మీదే. షాఫ్ట్ ఎంత ఊగుతోందో అది చెబుతుంది, ఎక్కడ నిలబడి ఊగుతోందో చెప్పదు. 8 మి.మీ. ప్రోబ్‌కు మిల్లీమీటరుకు 7.87 వోల్టులు. −10 వోల్టుల దగ్గర సెట్ చేసిన గ్యాప్ −10.8కి జారిందంటే షాఫ్ట్ ప్రోబ్‌కు 100 మైక్రాన్లు దూరం జరిగినట్టే. టర్బైన్ గైడ్ బేరింగులో షాఫ్ట్ చుట్టూ ఉండే ప్యాడ్లలో ఒకదాని లాక్‌నట్ వదులైనప్పుడు కంపనం అలారం దరిదాపులకే రాలేదు. గ్యాప్ మాత్రం వారాల తరబడి ఒకే దిక్కుకు జరుగుతూ పోయింది. మెషీన్ ఆపి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెడితే, ఆ వైపు ప్యాడ్ దగ్గరే క్లియరెన్స్ (సందు) పెరిగి ఉంది.

అలాగని కనిపించిన ప్రతి జరుగుడూ నమ్మడానికి లేదు. మెషీన్ వేడెక్కితే ప్రోబ్ బ్రాకెట్ కూడా హౌసింగ్‌తో పాటే కదులుతుంది. ఆయిల్ వేడి, లోడు, హెడ్ (నీటి మట్టాల ఎత్తు తేడా) దాదాపు ఒకేలా ఉన్న రీడింగులనే పోల్చాలి.

బాగా విసిగించింది కనెక్టర్. టర్బైన్ పిట్‌లో ప్రోబ్ కేబుల్, ఎక్స్‌టెన్షన్ కేబుల్ కలిసే చోట హీట్ ష్రింక్ తొడుగు చిట్లి, లోహం బ్రాకెట్‌కు తగిలింది. షీల్డ్‌కు రెండో ఎర్త్ దొరికింది. ఇక వేవ్‌ఫామ్ మీద 50 హెర్ట్జ్ అలలు, ఉన్నట్టుండి స్పైకులు. దీన్ని పట్టించిందీ గ్యాపే: 0.2 మి.మీ. చుట్టుపక్కల క్లియరెన్స్ ఉన్న బేరింగులో షాఫ్ట్ ఒక్క క్షణంలో అర మిల్లీమీటరు గెంతలేదు, పైగా జంటలోని రెండో ప్రోబ్‌లో చలనమే లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూనె తుడిచి, చేత్తో గట్టిగా బిగించి, కొత్త తొడుగు వేసి, లోహానికి తగలకుండా కట్టాక సిగ్నల్ శుభ్రమైంది. ట్రిప్ (మెషీన్‌ను దానంతట అదే ఆపేసే ఏర్పాటు) మాత్రం రెండు ప్రోబ్‌లూ ఒప్పుకుంటేనే పడేలా పెట్టుకోండి. స్పేర్లు కొనేటప్పుడు కేబుల్ మొత్తం పొడవు డ్రైవర్‌కు (ప్రోబ్‌ను నడిపి వోల్టేజ్ ఇచ్చే పెట్టె) సరిపోవాలి. 9 మీటర్ల డ్రైవర్‌కు 5 మీటర్ల కేబుల్ తగిలిస్తే అంకెలన్నీ తప్పే.

మా వేగానికి తిరుగుడు ఫ్రీక్వెన్సీ 2.5 హెర్ట్జ్, పార్ట్ లోడ్‌లో డ్రాఫ్ట్ ట్యూబ్ (టర్బైన్ కింద నీరు బయటికి పోయే గొట్టం) సుడి 0.5 నుంచి 1 హెర్ట్జ్. మామూలు బేరింగ్ సెన్సర్లకు అక్కడ చూపు ఆనదు కాబట్టి మాకు ప్రోబ్‌లు తప్పనిసరి. షాఫ్ట్ అడ్డంగా ఉండే 750 ఆర్‌పీఎం చిన్న యూనిట్ అయితే ముందు హౌసింగ్ మీద వెలాసిటీ సెన్సర్లు పెట్టి చూడండి, ఈ ఖర్చు అవసరం పడకపోవచ్చు.