మెడికేర్ యాన్యువల్ వెల్‌నెస్ విజిట్: కొన్నేళ్లుగా వెళ్తున్నాక నా అభిప్రాయం

మెడికేర్, అంటే అమెరికాలో ముఖ్యంగా 65 ఏళ్లు నిండినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, వచ్చిన దగ్గర్నుంచి మావారూ నేనూ ఏటా ఈ విజిట్‌కి వెళ్తున్నాం. అత్తగారికి గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండాక నెలనెలా ప్రీమియం కట్టి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టరు విజిట్ల ఖర్చు చూసే భాగం) తీసుకున్నాం, అప్పట్నుంచి ఆవిడనీ తీసుకెళ్తున్నాం. ముందే చెప్పేస్తాను, ఇది తప్పకుండా వెళ్లాల్సిన విజిట్. అయితే అక్కడ ఏం చేస్తారో, ఏం చెయ్యరో తెలిసి వెళ్తేనే ఉపయోగం.

ఒళ్లంతా పరీక్ష చేస్తారనుకుని వెళ్తే నిరాశే. ఎత్తు, బరువు, బీపీ చూస్తారు. పొట్ట నొక్కి చూడటం, రక్తపరీక్షలు ఇందులో భాగం కావు. మిగతా సమయమంతా ప్రశ్నలూ జవాబులే. ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య చట్టం కింద 2011లో ఇది మొదలైంది. రాబోయే ముప్పుని ముందే కనిపెట్టి, ఒక ప్లాన్ వేసి చేతికివ్వడం దీని పని. డాక్టరు మెడికేర్ ధరకి ఒప్పుకున్నవారైతే కోపే (విజిట్‌కి మనం కట్టే వాటా) ఉండదు, డిడక్టిబుల్ (బీమా డబ్బివ్వడం మొదలెట్టే ముందు ఏటా మనం పెట్టుకోవాల్సిన మొత్తం) ఉండదు. పార్ట్ బి మొదలైన తొలి పన్నెండు నెలల్లో 'వెల్‌కమ్ టు మెడికేర్' అని వేరే విజిట్ ఉంటుంది, ఆ తర్వాత ఏడాదికొకసారి ఇది. సరిగ్గా అదే తేదీ దాకా ఆగక్కర్లేదు. పోయినేడు మార్చి 20న వెళ్తే ఈ ఏడు మార్చి 1 నుంచే వెళ్లొచ్చు.

డబ్బు విషయంలో నాకొక ఫిర్యాదుంది. ఒకసారి మావారు మాటల్లో మోకాలి నొప్పి సంగతి ఎత్తారు. డాక్టరు మోకాలు చూసి మందు రాశారు. కొన్ని వారాలకి బిల్లొచ్చింది. కొత్త సమస్యకి వైద్యం చేస్తే అది మామూలు విజిట్ కింద లెక్క, డిడక్టిబుల్, 20 శాతం వాటా మన మీద పడతాయి. రూలు ప్రకారం అది సరైనదే. కానీ ఉచితం అని పిలిచిన క్లినిక్ వాళ్లు ఆ ఒక్క మాట అక్కడే చెప్పాలి కదా. ఇప్పుడు మేం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'యాన్యువల్ వెల్‌నెస్ విజిట్' అని పేరు పెట్టి అడుగుతాం. లోపల వేరే సమస్య మాటకొస్తే, దీనికి విడిగా బిల్లు పడుతుందా అని అప్పుడే అడిగేస్తాం. అలాగని బిల్లుకి భయపడి ఆయాసం, గుండెనొప్పి లాంటివి మాత్రం ఎవరూ దాచకండి.

అన్నిటికంటే నాకు నచ్చింది మందుల పరిశీలన. చీటీ మీద జాబితా రాసుకెళ్తే చాలదు, ఇంట్లో ఉన్న సీసాలూ స్ట్రిప్పులూ అన్నీ సంచిలో వేసుకెళ్లాలి. అత్తగారి సంచిలోంచి నర్సు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. బీపీ బిళ్లలు, థైరాయిడ్ బిళ్లలు, ఇండియా నుంచి తెప్పించుకున్న డైక్లోఫెనాక్ నొప్పి బిళ్లలు, ఏదో చూర్ణం, ఎవరో చెప్తే కొనుక్కున్న నిద్రబిళ్లలు. డాక్టరు ఆ నిద్రబిళ్లల సీసా తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న డైఫెన్‌హైడ్రమిన్ అన్న పేరు మాకు చూపించారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే మందే. పెద్దవాళ్లలో తికమక, మలబద్ధకం, తూలి పడటం తెస్తుంది కాబట్టి అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ (వృద్ధుల వైద్య నిపుణుల సంఘం) దాన్ని పెద్దవాళ్లు వాడకూడని మందుల జాబితాలో పెట్టింది. డైక్లోఫెనాక్ సంగతీ అంతే, బీపీ పెంచుతుంది, కిడ్నీలకి మంచిది కాదు. ఈ రెండూ ఏ డాక్టరూ రాసినవి కావు గనక ఏ రికార్డులోనూ లేవు. అవి ఆపించాక పొద్దున్నపూట ఆవిడ మగతగా ఉండటం బాగా తగ్గింది.

జ్ఞాపకశక్తి పరీక్ష చిన్నదే. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటారు, మళ్లీ ఆ మూడు మాటలూ అడుగుతారు. అత్తగారికి దీన్ని ఇంగ్లీషులోనే పెట్టబోయారు. ఇంగ్లీషు రాని మనిషికి అలా పెడితే ఏం తెలుస్తుంది? తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలన్నాం, ఫోన్లో కలిపారు. మెడికేర్ తీసుకునే క్లినిక్ దీన్ని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, చట్టమే ఉంది. మొహమాటపడకుండా అడగండి. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని అనువదించడం నాకిప్పుడు ఇష్టం లేదు. దిగులుగా ఉంటోందా, దేని మీదా ఆసక్తి ఉండటం లేదా అని అడిగితే కొడుకు ఎదురుగా ఏ తల్లి నిజం చెప్తుంది? మేం బయట కూర్చున్న రోజునే ఆవిడ పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండాల్సి రావడం గురించి నోరు విప్పారు.

మన పెద్దవాళ్లు ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అనేస్తారు. ఈ విజిట్ దండగయ్యేది అక్కడే. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అంటే లేదంటారు, బాత్రూంలో జారి గోడ పట్టుకున్నది చెప్పరు. అందుకే ఆ ప్రశ్నల ఫారం ముందే తెప్పించుకుని, ఇంట్లో తీరిగ్గా మాట్లాడుకుంటూ నింపుతాం. కుర్చీలోంచి లేచి పదడుగుల (మూడు మీటర్ల) దూరం నడిచి, వెనక్కొచ్చి కూర్చోమని టైము చూస్తారు. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. మావారికి ఎక్కువే పట్టింది. ఫిజికల్ థెరపీకి పంపారు, ఇప్పుడు నడకలో తేడా మాకే తెలుస్తోంది.

మీరు మాట్లాడలేని పరిస్థితి వస్తే మీ తరఫున ఎవరు నిర్ణయించాలి అని కూడా అడుగుతారు, ఇష్టమైతేనే. ఈ విజిట్‌లో భాగంగా మాట్లాడుకుంటే దానికీ ఖర్చుండదు. అశుభం అని మావారు మొదట పక్కన పెట్టేశారు, మరుసటేడు ఇద్దరం కాగితాలు పూర్తిచేశాం.

చివర్లో రాబోయే అయిదు పదేళ్లలో ఏ పరీక్ష, ఏ టీకా ఎప్పుడో రాసిన కాగితం ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. షింగిల్స్ (సర్పి) టీకా సంగతి నాకు అలాగే తెలిసింది. పార్ట్ డి (మెడికేర్‌లో మందుల బీమా) ఉన్నవాళ్లకి 2023 నుంచి అది ఉచితం.

నాకు మింగుడు పడనిది వినికిడి విషయం. చెవులు సరిగ్గా వినపడుతున్నాయా అని ఏటా అడుగుతారు. అత్తగారికి వినపడటం లేదు, ఆ మాట రాసుకుంటారు కూడా. వినికిడి యంత్రానికి మాత్రం ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వం నేరుగా నడిపేది) డబ్బివ్వదు, మొత్తం మనమే పెట్టుకోవాలి.