ఆర్గానా, సీఓటూనా, నైట్రోజనా: స్టీలు వెల్డింగుకి ఏది మేలు?

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులకు స్టీలు షాఫ్టులు, హోటళ్లకు కిచెన్ బల్లలు చేసే షాపుల్లో తెగని వాదన ఇది. ఆర్గాన్ ఖరీదు, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) చవక, గాలిలో 78 శాతం ఉన్న నైట్రోజన్ ఇంకా చవక. ఏదైనా కరిగిన లోహానికి గాలి తగలకుండా అడ్డుపడడానికే కదా, చవకది పెడితే పోలా? స్టెయిన్‌లెస్ స్టీలుకి మాత్రం పోదు. ఆర్గానే కావాలి.

సీఓటూ ఆర్క్ (వెల్డింగులో వెలిగే కరెంటు మంట) వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. మామూలు ఇనుముకి వాడే తీగలో సిలికాన్, మాంగనీసు కలిపేది ఆ ఆక్సిజన్‌ని పట్టుకోవడానికే. బీడు, అంటే వెల్డింగు చేసిన అతుకు గీత, చల్లారాక దానిమీద అక్కడక్కడా గాజుపెంకుల్లా గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయే, అవి ఈ పట్టివేత గుర్తులు. చీమకుర్తి గ్రానైటు యార్డుల్లో ట్రాలీలు, మందపాటి ఫ్రేములు అతకడానికి సీఓటూ దివ్యంగా సరిపోతుంది, లోతుగా కరిగిస్తుంది కూడా. స్టెయిన్‌లెస్‌లో అయితే కార్బన్ లోపలికి చేరి క్రోమియాన్ని లాగేసుకుంటుంది. ఉప్పునీటి చెరువులో తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇక టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్ వెలిగించే ఆర్గాన్ టార్చికి సీఓటూ తగిలిస్తే ఆ మొన కాలి అరిగిపోతుంది.

నైట్రోజన్ చల్లగా ఉన్నప్పుడు ఎవరి జోలికీ పోదు. రెండు పరమాణువులను కట్టి ఉంచే త్రిబంధాన్ని తెంచడానికి మోలుకి 945 కిలోజౌళ్లు కావాలి మరి. ఆర్క్‌లో అది తెగుతుంది. తెగిన పరమాణువులు కరిగిన ఇనుములో కలిసి, చల్లారేటప్పుడు బయటికొస్తూ సన్నటి బెజ్జాలు చేస్తాయి. టైటానియంతోనైతే ఏకంగా నైట్రైడే అవుతుంది.

ఆర్గాన్‌కి తెగడానికి బంధమే లేదు, అది ఒంటి పరమాణువు. మూలకాల ఆవర్తన పట్టికలో అటు పక్కనున్న క్లోరిన్ ఎలక్ట్రాన్ కోసం ఎగబడుతుంది, ఇటు పక్కనున్న పొటాషియం 419 కిలోజౌళ్లకే ఒకటి ఇచ్చేస్తుంది. మధ్యలో ఆర్గాన్ దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ లాగాలంటే 1521 కావాలి. కొత్తది చేర్చాలన్నా మూడో కర్పరంలో దానికి అనువైన చోటు లేదు. నాలుగో కర్పరంలోకి పోవాలి, అక్కడ కేంద్రకం పట్టు చాలదు. ఇవ్వడం, తీసుకోవడం, పంచుకోవడం ఏదీ దానికి గిట్టుబాటు కాదు. పదో తరగతి పిల్లలకు ‘అష్టకం నిండింది’ (బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లున్నాయి) అని చెప్పి ఊరుకుంటాం గానీ, రెండే ఎలక్ట్రాన్లున్న హీలియం అంతకంటే మొండిది: 2372. ఈ శక్తి లెక్కే అసలు కారణం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. ఆర్క్ మంటలో ఆర్గాన్ నిజంగానే ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది, కరెంటు పారేది అందువల్లనే. అయినా ఇనుముతో జతకట్టదు. చల్లబడగానే ఎలక్ట్రాన్‌ని తిరిగి తీసుకుని మళ్లీ ఆర్గానే అవుతుంది.

ఆర్గాన్, హీలియం ఉన్న ఈ జడవాయువుల కుటుంబమంతా ఇంత గట్టిది కాదు. జినాన్ పెద్ద పరమాణువు, బయటి ఎలక్ట్రాన్లు దూరంగా ఉంటాయి, 1170 చాలు. 1962లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త దానిని ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో కలిపి సమ్మేళనం చేసి చూపించాడు.

మరి అంత మొండి హీలియమే ఎందుకు కాదంటే, అది గాలికంటే తేలిక, పైకి పోతుంది, ధరా ఎక్కువే. ఆర్గాన్ గాలికంటే బరువు, బీడు మీద కూర్చుంటుంది. ఆ బరువే ట్యాంకు లోపల పనిచేసేటప్పుడు ప్రాణాంతకం. వాసన లేకుండా అడుగున నిండి ఆక్సిజన్‌ని తోసేస్తుంది. లోపలికి గాలి కొట్టే ఫ్యాను, బయట కనిపెట్టుకుని ఉండే మనిషి లేకుండా దిగొద్దు.