ఐదు టన్నుల క్రేన్‌కు ఏటా జరగవలసిన తనిఖీ: మేము తీసుకున్న సేవపై సమీక్ష

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మాకు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. అందులో ఐదు టన్నుల సింగిల్ గర్డర్ ఈవోటీ క్రేన్ (షెడ్డు పైభాగంలో పట్టాల మీద కరెంటుతో నడిచే, ఒకే అడ్డ దూలం, అంటే గర్డర్, ఉన్న క్రేన్) ఒకటి, చేతితో గొలుసు లాగి బరువెత్తే చైన్ బ్లాకులు రెండు, బరువుకు చుట్టి హుక్కుకు తగిలించే స్లింగులు పదిహేను దాకా, వాటిని తగిలించడానికి తగిన డి-షాకిళ్లు (డి ఆకారపు ఉక్కు కొక్కేలు) ఉన్నాయి. బరువైన సరుకును లారీ మీది నుంచి దించవలసి వచ్చినప్పుడు బయటి నుంచి హైడ్రాను, అంటే టైర్ల మీద కదిలే క్రేన్ బండిని, అద్దెకు పిలుస్తాము. 2023 మే నెలలో వీటన్నిటినీ ఒక కొత్త సంస్థ చేత తనిఖీ చేయించాము. ఆ సేవ ఎలా ఉందో, ఎక్కడ లోటు కనిపించిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అంతకుముందు మాకు సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చిన వారి పేరు గాని, ఈ కొత్త వారి పేరు గాని రాయడం లేదు. ఎవరిని పిలిచినా ఏమేమి అడిగి చేయించుకోవాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

బరువులెత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను, ఇతర సామగ్రిని 12 నెలలకు ఒకసారైనా కాంపిటెంట్ పర్సన్, అంటే ఫ్యాక్టరీల శాఖ గుర్తింపు ఉన్న నిపుణుడు, క్షుణ్ణంగా పరీక్షించాలని, ఎంత బరువు వరకు ఎత్తవచ్చో యంత్రం మీద స్పష్టంగా రాసి ఉండాలని అప్పుడు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 29వ సెక్షన్ చెప్పేది. మా షెడ్డులో ఏ ఏడాదీ సర్టిఫికెట్ లేకుండా పోలేదు. అయితే పాతవారు వచ్చినప్పుడు జరిగేదేమిటంటే, వారి మనిషి నేల మీదే నిలబడి, క్రేన్ నుంచి వేలాడే బటన్ల పెట్టెను, అంటే పెండెంట్‌ను, నొక్కించి, ఖాళీ హుక్కును ఒకసారి పైకి, ఒకసారి కిందికి నడిపించి, నేమ్ ప్లేటును ఫోటో తీసుకుని, పావుగంటలో వెళ్లిపోయేవారు. నాలుగేళ్లు అదే తనిఖీ అనుకున్నాము. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, దాదాపు మూడు టన్నుల ప్లేట్ల కట్టను ఎత్తి ఆపినప్పుడు, బటన్ వదిలేసిన తర్వాత కూడా అది జానెడు మేర కిందికి జారింది. కింద ఎవరూ లేరు. అప్పటికి మా చేతిలో ఉన్న సర్టిఫికెట్‌కు ఇంకా మూడు నెలల గడువు మిగిలే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు బ్రేకు లైనర్ (బ్రేకులో అరిగిపోయే పట్టీ) మార్పించి పని నడిపించాము గాని, మిగతావాటిలో ఏముందో ఎవరికీ తెలియదన్న భయం పోలేదు. తెలిసినవారు ఇద్దరు ముగ్గురు చెప్పగా ఈ కొత్త సంస్థను సంప్రదించాను. వచ్చిన ఇంజనీరు, నేను అడగకముందే, ఫ్యాక్టరీల శాఖ తనకు ఇచ్చిన గుర్తింపు పత్రం నకలును నా ముందుంచి, అది ఏయే యంత్రాలకు, ఏ తేదీ వరకు వర్తిస్తుందో వేలితో చూపించారు. నా దృష్టిలో ఈ సేవకు మొదటి మంచి మార్కు అక్కడే పడింది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న, "పైకి ఎక్కడానికి నిచ్చెన ఎక్కడుందండీ?" అని. నాలుగేళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని అడిగినవారు లేరు.

మెయిన్ స్విచ్ ఆపించి, దానికి తాళం వేయించి, తాళంచెవిని తన జేబులో పెట్టుకున్న తర్వాతే ఆయన పైకి ఎక్కారు. బరువెత్తే మోటారు భాగమైన హాయిస్టు కవర్లు విప్పించి, తాడు చుట్టుకునే డ్రమ్ము గాడులను, తాడును గాడిలో నిలిపే రోప్ గైడును, బ్రేకును, గర్డర్ రెండు కొసల్లో ఉండే ఎండ్ క్యారేజ్ చక్రాలను, క్రేన్ నడిచే పట్టాల (గ్యాంట్రీ) చివర ఉండే స్టాపర్లను ఒక్కొక్కటిగా చూశారు. మేము ఎప్పుడూ ఊహించని సంగతి అక్కడే బయటపడింది. హుక్కు మరీ పైకి పోకుండా మోటారును ఆపవలసిన లిమిట్ స్విచ్‌ను ఎవరో మెకానిక్, అది మాటిమాటికి ఆగిపోతున్నదని, వైరు ముక్కతో బైపాస్ చేసి వదిలేశాడు. ఆ స్విచ్ లేనప్పుడు, పెండెంట్ పట్టుకున్నవాడు ఒక్క క్షణం ఏమరినా, హుక్కును మోసే హుక్ బ్లాక్ వెళ్లి డ్రమ్ముకు గుద్దుకుని వైర్ రోప్ (ఉక్కు తీగల తాడు) తెగుతుంది, బరువు మొత్తం నేల మీద పడుతుంది. మా ఆపరేటరు రోజుకు నలభై సార్లు ఆ హుక్కును పైకి పంపుతాడు.

వైర్ రోప్ దగ్గర ఆయన గంటకు పైగా గడిపారు. నూనె, మడ్డి తుడిపించి, పాత గుడ్డను తాడు చుట్టూ వదులుగా పట్టుకుని నెమ్మదిగా జరిపించారు. తెగిన తీగ ఉన్న చోట గుడ్డ చిక్కుకుంటుంది, అక్కడ సుద్దతో గుర్తు పెడతారు. చేతితో తడిమితే వేళ్లు చీరుకుపోతాయి కనుక గుడ్డే వాడాలని మా కుర్రవాళ్లకు చెప్పారు. తర్వాత వెర్నియర్ అనే కొలత పరికరంతో వ్యాసం కొలిచారు. తాడు పేటల మధ్య పల్లంలో కాకుండా, ఉబ్బెత్తుగా ఉండే అంచుల మీదే వెర్నియర్ దవడలు ఆనాలట. 12 మిల్లీమీటర్ల తాడు మూడు చోట్ల 11 మిల్లీమీటర్లే వచ్చింది. మధ్యలో ఉక్కు కోర్ ఉన్న ఈ రకం తాడు ఏడున్నర శాతం సన్నబడితే తీసివేయవలసిందేనని, మాది ఎనిమిది శాతం దాటిందని లెక్క వేసి చూపించారు. కొత్త తాడు బిగించిన రోజునే అసలు వ్యాసం కొలిచి పుస్తకంలో రాసి ఉంటే ఇంకా కచ్చితంగా చెప్పగలిగేవాడినని కూడా అన్నారు. ఆ మాట నిజాయితీగా అనిపించింది. ఇప్పుడు మా లాగ్ పుస్తకంలో మొదటి పేజీ కొత్త తాడుదే.

హుక్కు సంగతి ఇంకా బాధ కలిగించింది. స్లింగు జారిపోకుండా అడ్డుగా ఉండే లాచ్ ఎప్పుడో విరిగితే, మా మనుషులే దాని పట్టీని హుక్కుకు వెల్డింగ్ చేసి అతికించారు. ఫోర్జింగ్ చేసిన (కాల్చి, కొట్టి ఆకారం తెచ్చిన) హుక్కు మీద వెల్డింగ్ వేడి తగిలితే ఆ చోట లోహం గుణం మారిపోతుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మేము రోజంతా వెల్డింగ్ చేసి బతికేవాళ్లం, అయినా ఆ పని తప్పని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ హుక్కును మాట్లాడకుండా తీయించి, మళ్లీ ఎవరూ వాడకుండా గ్యాస్ కట్టింగుతో రెండు ముక్కలు చేయించారు. కొత్త హుక్కు వచ్చాక, దాని నోటికి ఇరువైపులా చిన్న పంచ్ గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరాన్ని రాసిపెట్టమన్నారు. హుక్కు సాగుతున్నదో లేదో వచ్చే ఏడాది స్కేలుతోనే తేలిపోతుంది.

స్లింగులలో ఆరు పనికిరావని తేలింది. బెల్ట్ స్లింగులకు రంగును బట్టి సామర్థ్యం ఉంటుంది, ఆకుపచ్చ రెండు టన్నులు, పసుపు మూడు, ఎరుపు ఐదు. అయితే రంగు ఉన్నంత మాత్రాన సరిపోదు, లేబుల్ ఊడిపోయినదాన్ని, అంచు కోసుకుపోయినదాన్ని, పొట్టి చేయడానికి ముడి వేసినదాన్ని ఆయన పక్కన పడేశారు. రెండు వైర్ స్లింగులకు, మడిచిన తాడును పట్టి ఉంచే బుల్‌డాగ్ క్లాంపులు తిరగేసి బిగించి ఉన్నాయి. బరువు మోసే తాడు వైపు క్లాంపు జీను (తాడు ఆనే వెడల్పు భాగం) ఉండాలి, యు-బోల్టు తాడు కొస వైపు ఉండాలి. మావి అటూ ఇటూగా ఉన్నాయి.

బరువులు కట్టి ఎత్తించే మా ఖలాసీలకు బాగా నాటుకున్నది మాత్రం ఆయన చేసి చూపిన ఒక చిన్న ప్రయోగం. రెండు స్ప్రింగ్ త్రాసులు తీసుకుని, వాటికి ఒకే తాడు కట్టి, మధ్యలో 10 కిలోల బరువు వేలాడదీసి, ఇద్దరి చేత చెరొకటి పట్టించారు. ఇద్దరూ దగ్గరగా ఉన్నప్పుడు ఒక్కొక్క త్రాసు 5 కిలోలు చూపింది. దూరం జరిగే కొద్దీ అంకె పెరుగుతూ పోయి, తాడు నేలకు 30 డిగ్రీల వాలుకు వచ్చేసరికి రెండు త్రాసులూ చెరి 10 కిలోలు చూపించాయి. అంటే నాలుగు టన్నుల బరువును రెండు కాళ్ల స్లింగుతో 60 డిగ్రీల వాలులో ఎత్తితే ఒక్కొక్క కాలి మీద 2.3 టన్నులు పడితే, 30 డిగ్రీలలో ఒక్కొక్కదాని మీద పూర్తిగా నాలుగు టన్నులు పడుతుంది. స్లింగు పొడుగైతే కాళ్లు నిటారుగా ఉండి భారం తగ్గుతుందన్నమాట. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మా ఖలాసీ మేస్త్రీ ఆ త్రాసును చాలాసేపు అలాగే చూస్తూ నిలబడి, "ఇన్నాళ్లూ పొడుగు స్లింగు దండగ అనుకున్నాను సార్" అన్నాడు.

మరమ్మతులన్నీ పూర్తయ్యాక లోడ్ పరీక్ష పెట్టారు. ఐదు టన్నుల క్రేన్‌కు 125 శాతం, అంటే 6.25 టన్నులు. ప్లేట్లను అంచనా మీద పేర్చడానికి ఒప్పుకోలేదు, కాటా వేయించి చీటీ తెమ్మన్నారు. ఆ పూట షెడ్డులో పని పూర్తిగా ఆపించి, నలుగురిని తప్ప అందరినీ బయటకు పంపించారు. మా వారిలో ఒకరిద్దరు అంత హడావుడి ఎందుకని గొణిగారు. నాకు మాత్రం 2020 ఆగస్టు 1 గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఇదే ఊళ్లో హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగానే అది కూలిపోయి 11 మంది ప్రాణాలు పోయాయి. పరీక్ష అంటేనే ఆ యంత్రం మీద ఇంకా నమ్మకం కుదరలేదని అర్థం కనుక, ఆ సమయంలో దాని దగ్గర ఒక్క మనిషి కూడా ఎక్కువ ఉండకూడదు. బరువును నేల నుంచి జానెడు ఎత్తులోనే ఆపి, పది నిమిషాలు వేలాడదీసి, గర్డర్ మధ్యలో ఎంత వంగిందో కొలిచి, దించాక మళ్లీ మొదటి చోటికి వచ్చిందో లేదో చూశారు. వచ్చింది. బ్రేకు ఈసారి జారలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నడిపే పద్ధతి మీద రెండు గంటల తరగతి జరిగింది. దూరంగా ఉన్న ప్లేటును హుక్కుతో అడ్డంగా లాగడం మా దగ్గర నిత్యకృత్యం. అలా లాగినప్పుడే తాడు గాడి తప్పి రోప్ గైడు విరుగుతున్నదని, మేము ఏటా రెండు గైడులు కొంటున్నది అందుకేనని అప్పుడు తెలిసింది. సైగలు ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి గాని, ఆపమన్న సైగ మాత్రం ఎవరు ఇచ్చినా ఆపవలసిందేనని గట్టిగా చెప్పారు. క్రేన్ పట్టాల దగ్గర పెయింటింగుకో, రిపేరుకో మనిషి ఎక్కినప్పుడు క్రేన్ అతనికి 6 మీటర్ల లోపుకు రాకుండా చూడాలన్న అదే చట్టం మాటను కూడా అక్కడే మొదటిసారి విన్నాము.

హైడ్రా విషయంలో మాత్రం ఈ సేవ నాకు తృప్తినివ్వలేదు. అద్దెకు వచ్చే బండి తమ పరిధిలోకి రాదన్నారు. కాగితం మీద అది సరైనదే. కానీ ఆటోనగర్‌లో నేను ఎక్కువగా భయపడేది దాన్ని చూసే. 14 టన్నుల హైడ్రా అంటే, బూమ్ (బరువు మోసే పొడవాటి చేయి) ముడుచుకుని బరువు బండికి బాగా దగ్గరగా ఉన్నప్పుడే ఆ 14 టన్నులు. బూమ్ సాగే కొద్దీ సామర్థ్యం చాలా వేగంగా పడిపోతుంది. దానికి తోడు, వేలాడుతున్న బరువును చేత్తో పట్టుకుని బండి ముందు నడిచే ఖలాసీ, డ్రైవరుకు కనిపించడు. బూమ్ ఎంత సాగితే ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే లోడ్ చార్టు చదవడం, చేతికి బదులు గైడు తాడు వాడించడం, డ్రైవరును ఏ పత్రాలు అడగాలో చెప్పడం, వీటికి ఇంకో గంట కేటాయించి ఉంటే బాగుండేది.

రెండో ఫిర్యాదు రిపోర్టు గురించి. అది తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఇరవై రెండు పేజీలలో ఫోటోలతో, కొలతలతో చక్కగా ఉంది గాని, అంతా ఇంగ్లీషులోనే ఉంది. క్రేన్ నడిపేవాడు, స్లింగు కట్టేవాడు చదవలేని రిపోర్టు నా బీరువాలోనే ఉండిపోతుంది. చివరకు మా అమ్మాయి కూర్చుని, రోజూ పని మొదలుపెట్టే ముందు చూడవలసిన వాటిని, అంటే బ్రేకు, పై లిమిట్ స్విచ్, హుక్ లాచ్, తాడు, పెండెంట్ మీది ఎమర్జెన్సీ బటన్, వీటన్నిటినీ తెలుగులో ఒక అట్ట మీద రాసి స్తంభానికి కట్టింది.

పాతవారికి ఇచ్చినదానికి మూడు రెట్లు ఈ తనిఖీకి అయింది. కొత్త తాడు, హుక్కు, స్లింగులు, మూడు రోజులు ఆగిన పని దానికి అదనం. మా పక్క షెడ్డు వారు అడిగితే వీరినే పిలవమని చెప్పాను. వచ్చే మే నెలకు కూడా వీరికే మాట ఇచ్చాను. ఈసారి ఒప్పందంలో రెండు అంశాలు రాయించాను, హైడ్రా మీద ఒక గంట తరగతి, రిపోర్టుతో పాటు ఖలాసీల కోసం రెండు పేజీల తెలుగు పత్రం. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి, ఆ అట్టను ఫోటో తీసి పంపమని అడిగారు.