జాగ్రత్త: కుక్క బిస్కెట్లలో కిస్‌మిస్ కలిపి అమ్ముతున్నారు

రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, పాలకొల్లు వైపు కుక్కల్ని పెంచుకునేవాళ్ళందరికీ ఈ పోస్టు. ‘హోమ్‌మేడ్ డాగ్ బిస్కెట్లు’ అని ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో చూసి ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఒక్క పని చేయండి. అందులో ఏమేం వేశారో ఒక్కటి కూడా వదలకుండా మెసేజ్‌లో రాసి పంపమనండి. ‘డ్రై ఫ్రూట్స్’ అని ఒక్క మాటలో తేల్చేస్తే కొనకండి. మేం కొన్న ప్యాకెట్‌లో ఆ మాటకి అర్థం కిస్‌మిస్. అది తిని మా జూలీ కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఇక్కడికి దగ్గర్లోనే ఇంట్లో కేకులు, బిస్కెట్లు చేసి అమ్మే ఒకావిడ దగ్గర కొన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆవిడ పేరు, ఊరి పేరు రాయడం లేదు. ప్యాకెట్ చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. బ్రౌన్ పేపర్ కవరు, దాని మీద పంజా గుర్తు స్టిక్కరు, లోపల ఎముక ఆకారంలో ముదురు గోధుమరంగు బిస్కెట్లు. పావుకిలో 350 రూపాయలు. కవరు మీద రాసింది రాగిపిండి, ఓట్స్, గుడ్డు, డ్రై ఫ్రూట్స్. పంచదార లేదు, బెల్లం లేదు, ప్రిజర్వేటివ్స్ లేవు, నూరు శాతం సహజం అని కూడా ఉంది. ఎప్పుడు చేశారో లేదు, ఎన్నాళ్ళలోపు వాడాలో లేదు.

జూలీ చిన్న కుక్క, పొమేరియన్, ఏడు కిలోలు ఉంటుంది. సాయంత్రం మా అమ్మాయి బిస్కెట్లు పెడితే ఇష్టంగా తింది. రాత్రి పడుకునేసరికి వాంతులు మొదలయ్యాయి. అరగని రాగి ముక్కలు, తర్వాత నురగ. తెల్లారేసరికి నీళ్ళ గిన్నె దగ్గరికి కూడా రాలేదు. మూల చేరి ముడుచుకుని పడుకుంది, పిలిస్తే తోక మాత్రం కొంచెం కదిపింది. ఒళ్ళో పెట్టుకుని జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళాం. మా ఆయన ఆ ప్యాకెట్‌ని కూడా వెంట తెచ్చారు. అది చాలా పనికొచ్చింది.

డాక్టరు గారు ఒక బిస్కెట్ విరిచి, లైటు కింద పెట్టి చూశారు. విరిగిన చోట నల్లగా, పల్చగా ఏవో పొరలు కనిపించాయి. వాటిలో ఒకదాన్ని ట్వీజర్‌తో పట్టి లాగి, గోరువెచ్చని నీళ్ళ చుక్కలో వేశారు. కాసేపటికి అది మెత్తబడి విచ్చుకుంది. కిస్‌మిస్ తొక్క. వెంటనే అమ్మినావిడకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది: “అవునండీ, నల్ల కిస్‌మిస్ రాత్రంతా నానబెట్టి రుబ్బి కలుపుతాం. పంచదార వెయ్యకుండా తీపి రావాలి కదండీ. మా పిల్లలే తింటారండీ, కుక్కకేమవుద్ది?”

మనకి మంచిదైతే కుక్కకీ మంచిదేనన్న నమ్మకంతోనే ఆవిడ వండుతోంది, అదే నమ్మకంతో అందరూ కొంటున్నారు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇంత తింటే ఫర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదు. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే తిరుగుతుంది, ఇంకోటి నాలుగు పలుకులకే మంచం పడుతుంది. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణమై ఉంటుందని 2021లో అమెరికాలోని పశువైద్య విష నిపుణులు ప్రతిపాదించారు. ఒక్కో పండులో ఆ ఆమ్లం ఒక్కో స్థాయిలో ఉంటుంది కాబట్టి, ఏ కుక్కకి ఎంత హాని జరుగుతుందో ముందే చెప్పలేకపోవడానికి అదే కారణం కావచ్చట. చింతపండులోనూ టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. పులిహోర, చారు అన్నం కుక్కకి పెట్టే ఇళ్ళు మన వైపు చాలానే ఉన్నాయి, ఆ అలవాటు కూడా మానుకోండి.

సాధారణంగా తిన్న రోజులోపే వాంతులు మొదలవుతాయి. కిడ్నీల సంగతి బయటపడేది ఒకటి నుంచి మూడు రోజుల్లో. మధ్యలో కుక్క కాస్త తేరుకున్నట్టు కనిపించినా నమ్మకూడదు. జూలీ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) 2.8 వచ్చింది. కుక్కలకి సుమారు ఒకటిన్నర లోపు ఉండాలి. సెలైన్ ఎక్కిస్తూ, ఎంత మూత్రం పోస్తోందో కొలుస్తూ, మళ్ళీ మళ్ళీ రక్తం తీసి చూస్తూ ఉంచారు. ఇంకా తగ్గకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళమన్నారు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. అంతదాకా రాలేదు, మెల్లగా కోలుకుంది. ఇప్పుడు తింటోంది, గేటు దగ్గరికి పరుగెడుతోంది. కిడ్నీల కోసం డాక్టరు రాసిచ్చిన మందుల ఆహారం మాత్రం ఇంకా నడుస్తోంది, పరీక్షలకి వెళ్ళి వస్తున్నాం.

ఆ రాత్రి ఫోన్లలో వచ్చిన సలహాల గురించి కూడా చెప్పాలి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించమన్నారు కొందరు. ఆ పని చేయకండి. చిన్న కుక్కకి ఆ ఉప్పే విషమవుతుంది. వాంతి చేయించాల్సి వస్తే తిన్న గంటా రెండు గంటల్లోపు డాక్టరే ఇంజెక్షన్‌తో చేయిస్తారు. ఇంకొందరు, మన కోనసీమలో దేనికైనా మందు అదే కాబట్టి, కొబ్బరినీళ్ళు పట్టమన్నారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయక మూత్రం ఆగిపోయిన కుక్కకి రక్తంలో పొటాషియం పేరుకుపోతుంది, అది గుండెకి ప్రమాదం. మామూలు రోజుల్లో మంచిదే కావచ్చు, ఈ పరిస్థితిలో ఒక్క చెంచా కూడా డాక్టరుని అడగకుండా పట్టకండి.

అమ్మినావిడ మొదట 350 రూపాయలు వెనక్కిచ్చేస్తానంది. మాకు కావాల్సింది డబ్బులు కాదు. ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ ఒక మెసేజ్ పెట్టమని అడిగాం. “మీ కుక్కకి ముందే ఏదో జబ్బు ఉండుంటుందండీ” అని చెప్పి నంబరు బ్లాక్ చేసింది. ఆ పేజీలో అవే బిస్కెట్ల ఫోటోలు, వినాయక చవితి ఆఫర్‌తో సహా, ఇప్పటికీ ఉన్నాయి. ఈ పోస్టు రాయడానికి కారణం అదే. పొరపాటు ఎవరివల్లయినా జరుగుతుంది, తెలిశాక కూడా అమ్మడం మాత్రం నేను క్షమించలేను.

కవరు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) గుర్తు, 14 అంకెల నంబరు ఉన్నాయి కదా అని ధైర్యపడకండి. వెతికి చూస్తే అది ఆవిడ కేకుల వ్యాపారానికి తీసుకున్న రిజిస్ట్రేషన్. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం ‘ఆహారం’ అంటే మనుషులు తినేది. జంతువుల మేత దాని కిందికి రాదు. కాబట్టి ఆ నంబరు నిజమైనదే అయినా, కుక్క బిస్కెట్ గురించి అది మనకి ఏ భరోసా ఇవ్వదు. కుక్కల, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 11968 అనే ప్రమాణం పెట్టింది. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళలో దాని పేరు విన్నవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. ఇక ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. చిరునామా, తేదీ లేని ప్యాకెట్‌ని చేతిలోకి తీసుకోకుండానే తిప్పి పంపేయవచ్చు.

కిస్‌మిస్ ఒక్కటే అయితే ఇంత పొడుగ్గా రాసేదాన్ని కాదు. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు మన చుట్టుపక్కల అమ్మే కుక్క ట్రీట్ల పేజీలన్నీ తిరగేశాను. ఒకచోట కోకో పౌడర్ వేసిన కేకు కుక్క పుట్టినరోజుకట. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క శరీరం నుంచి త్వరగా బయటికి పోదు, గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా తెస్తుంది. మిల్క్ చాక్లెట్ కన్నా కోకో పౌడర్‌లో అది చాలా ఎక్కువ. ఇంకోచోట చికెన్ ట్రీట్స్‌కి ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి పట్టించారు. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. నరసాపురం వైపు ఎండుచేప ముక్కలు ‘ఫిష్ ట్రీట్స్’గా పెడుతున్నారు. మనం వండుకునే ఎండుచేపకి ఎంత ఉప్పు పట్టిస్తారో మనకి తెలుసు. ఉప్పు పట్టించకుండా ఎండబెట్టారో లేదో అడిగి తీరాలి.

అన్నిటికన్నా నాకు భయం వేసింది ‘షుగర్ ఫ్రీ’ అన్న మాట చూసి. పంచదార బదులు వాడే వాటిలో జైలిటాల్ అని ఒకటుంది. షుగర్ ఉన్నవాళ్ళ చూయింగ్ గమ్ముల్లో, స్వీట్లలో, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది. మనుషులకి పెద్దగా ఏమీ కాదు. కుక్కకి మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ విడుదలై అరగంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూలుతుంది, పడిపోతుంది, మోతాదు ఎక్కువైతే లివర్ కూడా పోతుంది. కుక్క బిస్కెట్‌కి అసలు తీపి దేనికి? తీపి లేకపోతే తినదేమోనన్న బెంగ మనది. దానికి కావాల్సింది వాసన.

నిలవ సంగతి కూడా చూసుకోవాలి. జూలీని ఇంటికి తెచ్చాక చూస్తే, కవర్లో మిగిలిన బిస్కెట్లు మెత్తబడి, ఒకవైపు బూడిదరంగు బూజు పట్టాయి. మన డెల్టా వానాకాలం గాలికి అప్పడాలే మెత్తబడతాయి, ప్రిజర్వేటివ్ లేని గుడ్డు బిస్కెట్ పేపర్ కవర్లో ఎన్నాళ్ళు ఆగుతుంది? వేరుశనగ, మొక్కజొన్నలకి పట్టే బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఓవెన్ వేడికి అది పూర్తిగా పోదు, బూజు గీకేసినా లోపల ఉండిపోతుంది. 2020 చివర్లో అమెరికాలో అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉన్న ఒక కంపెనీ కుక్కల మేతకి ముడిపడి వందకి పైగా కుక్కల మరణాలు నమోదయ్యాయి. అంత పెద్ద ఫ్యాక్టరీలోనే అలా జరిగితే, పాత వేరుశనగ పిండి వాడే వంటింటి గురించి వేరే చెప్పాలా?

ఇంట్లో చేసి అమ్మేవాళ్ళందర్నీ నేను అనడం లేదు. మా స్నేహితురాలు తణుకులో ఒకరి దగ్గర తెప్పించుకుంటుంది. వాళ్ళు గుమ్మడి, చికెన్ లివర్, బియ్యప్పిండి, గుడ్డు అని గ్రాములతో సహా రాసి పంపుతారు. చేసిన తేదీ వేస్తారు, ఫ్రిజ్‌లో పెట్టమని చెబుతారు, వానాకాలంలో అసలు ఆర్డర్లే తగ్గించుకుంటారు. అలాంటివాళ్ళు అడిగితే నొచ్చుకోరు. “అది మా సీక్రెట్ రెసిపీ” అన్నారంటే అక్కడితో వదిలేయండి.

మేం మాత్రం ఇక బయట కొనడం లేదు. డాక్టరు గారు జూలీకి ఇప్పట్లో మందుల ఆహారం తప్ప ఏదీ పెట్టొద్దన్నారు. మా చెల్లి వాళ్ళ కుక్క ఆరోగ్యంగా ఉంది, దానికి నేనే చేసి పంపుతున్నాను. ఉడికించి మెదిపిన చిలగడదుంప ఒక కప్పు, రాగిపిండి ఒకటిన్నర కప్పు, గుడ్డు ఒకటి. ఉప్పు, తీపి, నెయ్యి ఏవీ వేయను. పల్చగా ఒత్తి, చిన్న ముక్కలు కోసి, 160 డిగ్రీల దగ్గర గట్టిపడేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం వాడుకోవచ్చు. ఎంత మంచివైనా రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ఇక్కడ రాసిన ఆనవాళ్ళతో ప్యాకెట్ మీ ఇంట్లో ఉంటే పెట్టడం ఆపేయండి. పారేయకండి, కవరుతో సహా ఫోటో తీసి మూతపెట్టి దాచండి. మీ కుక్క ఇప్పటికే తిని ఉంటే, బాగానే కనిపిస్తున్నా సరే, డాక్టరుకి ‘కిస్‌మిస్ తింది’ అని ఆ మాటతోనే చెప్పి కిడ్నీల పరీక్ష చేయించండి. ‘ఏదో బిస్కెట్ తింది’ అంటే గ్యాస్ అనుకుని ఇంటికి పంపేయవచ్చు. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఆసుపత్రి బిల్లులు, రిపోర్టులు జాగ్రత్తగా ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు విలువకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు. నేను వేశాను. అదే ప్యాకెట్ కొన్నవాళ్ళు ఇంకొందరు ముందుకొస్తే ఆ అమ్మకం ఆగుతుంది, కింద కామెంట్‌లో చెప్పండి.