పెయింటు వేయలేని ఇనుప భాగాలకు లానోలిన్ పూత: మూడు వర్షాకాలాలు వాడాక

ముందుగా తీర్పు. కారులో పెయింటు వేయడానికి వీల్లేని ఇనుప భాగాలకు, అంటే స్ప్లైన్లు (షాఫ్టు చివర పళ్లలా ఉండే గాళ్లు), హబ్బులు, గేర్లు, కమాన్ పట్టీల మధ్య సందులు, తలుపుల లోపలి రేకు, చాసిస్ పెట్టెల లోపలి గోడలు లాంటివాటికి, తేనెమైనం కలిపిన లానోలిన్ పూత చాలా బాగా పనిచేసింది. పెయింటు వేయగలిగిన భాగానికి మాత్రం దీన్ని వాడొద్దు. అక్కడ టూ ప్యాక్, అంటే రెండు డబ్బాలవి కలిపి వేసే, ఎపాక్సీ ప్రైమరే సరైనది.

వాడిన చోటు కాకినాడ. సముద్రానికి దగ్గరలోని రేకుల షెడ్డు, కింద సిమెంటు గచ్చు. పూసింది జీపు, ఓమ్ని భాగాలకు. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే గీకిన ఉక్కు మీద కంటికి కనపడని నీటిపొర నిలుస్తుంది. ఉప్పు కూడా ఉంటే అంతకన్నా తక్కువ తేమకే తుప్పు మొదలవుతుంది. కోస్తాలో ఈ రెండింటికీ కొదవ లేదు కాబట్టి ఏ పూత నిలుస్తుందో, ఏది నిలవదో ఇక్కడ త్వరగా తేలిపోతుంది.

లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. సబ్బులు, క్రీముల ముడిసరుకు అమ్మే కెమికల్ షాపుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద అన్‌హైడ్రస్ (నీళ్లు లేనిది) అని ఉందో లేదో తప్పకుండా చూడాలి. హైడ్రస్ రకంలో పావు వంతు దాకా నీళ్లే ఉంటాయి. దాన్ని ఇనుముకి పూస్తే మన చేత్తో మనమే తడి అంటించినట్టు.

లానోలిన్ ఒక్కదాన్నే టర్పెంటైన్‌లో కలిపి పూయమని చాలామంది చెబుతారు. చలిదేశాల్లో అది సరిపోతుంది. లానోలిన్ దాదాపు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన మే నెల ఎండకి రేకుల షెడ్డులో అంత వేడి మామూలే. మొదటి ఏడాది ఉత్త లానోలిన్ పూసిన నిలువు భాగాల మీద పూత జారి కింది అంచున గుజ్జులా పేరుకుంది, పై అంచు పల్చబడిపోయింది. జూన్‌లో తొలకరి పడగానే ఎరుపు లేచింది సరిగ్గా ఆ పై అంచునే. తేనెమైనం 62 డిగ్రీల పైన గానీ కరగదు కాబట్టి అది కొంచెం కలిపితే పూత ఎండకి నిలబడుతుంది. రెండో ఏడాది నుంచి పాళ్లు ఇవి: లానోలిన్ 200 గ్రాములు, తేనెమైనం 30 గ్రాములు, పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ 600 మిల్లీలీటర్లు. మైనం 50 గ్రాములు చేస్తే చల్లటి రోజుల్లో పూత పెళుసెక్కి, స్పానర్ తగిలిన చోట పొరలా ఊడింది.

కలిపేటప్పుడు జాగ్రత్త. లానోలిన్, మైనం రెండింటినీ ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. కరిగాక పొయ్యి పూర్తిగా ఆర్పేసి, గిన్నెను బయట ఆరుబయలుకి తీసుకెళ్లాలి. అంచుల్లో చిక్కబడుతున్నప్పుడు టర్పెంటైన్‌ను నాలుగైదు విడతల్లో పోస్తూ కలపాలి. టర్పెంటైన్ ఆవిరి 40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. వంటింట్లో, పొయ్యి పక్కన చేసే పని కాదిది. చల్లారాక మిశ్రమం పల్చటి వెన్నలా ఉంటుంది. గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పోసుకుంటే ఏడాది దాటినా చెడలేదు. కొందరి ఒంటికి ఉన్ని కొవ్వు పడదు కాబట్టి నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి.

గ్లౌజులకు ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. లేత్ మీద తిప్పి తెచ్చిన హబ్బును వట్టి చేత్తో పట్టుకుని బల్ల మీద పెట్టి చూడండి. మూడో రోజుకి బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఎర్రగా లేస్తాయి. వేలు తాకని చోట లోహం ఇంకా మెరుస్తూనే ఉంటుంది. అది చెమటలోని ఉప్పు చేసే పని. ఎంత మంచి పూత పూసినా కింద ఉప్పు మిగిలితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే పూత కన్నా ముందు చేసే శుభ్రానికే ఎక్కువ సమయం పెట్టాలి.

జిడ్డును కిరోసిన్‌తో కడిగి, తర్వాత థిన్నర్‌లో తడిపిన తెల్లగుడ్డతో తుడవాలి. ఆరేలోపే రెండో పొడిగుడ్డతో ఎత్తేయాలి. లేకపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇంతే. తుప్పు పట్టిన చిన్న భాగాలకు నిమ్మ ఉప్పు చవకైన దారి. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూసుకుంటూ నానబెట్టాలి. రాత్రంతా మరిచిపోతే మంచి లోహాన్ని కూడా తినేసి గరుకు చేస్తుంది. తీశాక మంచినీళ్లతో కడిగి, లీటరుకి 10 గ్రాముల చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచి, చివరికి బాగా మరిగిన నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. వేడెక్కిన ఇనుము బయటికి తీయగానే తనంతట తానే ఆరిపోతుంది. చన్నీళ్లతో కడిగి ఎండలో పెట్టడం చాలామంది చేసే తప్పు. ఆరేలోపే పసుపు పూసినట్టు కొత్త తుప్పు కమ్మేస్తుంది. ఆరిన భాగం గోరువెచ్చగా ఉండగానే పూత పూస్తే పల్చగా పరుచుకుని సన్నటి గుంటల్లోకి కూడా దిగుతుంది.

కమాన్ పట్టీలను, కాయిల్ స్ప్రింగులను, తల మీద 10.9 గానీ 12.9 గానీ అని గట్టిదనం గుర్తు ఉన్న బోల్టులను నిమ్మ ఉప్పులో వేయకండి. ఆమ్లం ఇనుముతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి ఏమీ తెలియదు, బరువు పడ్డప్పుడు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. వీటికి వైర్ బ్రష్, ఎమరీ పేపరే దారి.

పూత పల్చగా రెండు సార్లు వేయాలి, మధ్యలో ఒక రాత్రి విడవాలి. ఒకేసారి మందంగా వేస్తే పైన తోలు కట్టి, లోపలి టర్పెంటైన్ రోజుల తరబడి ఆరదు. ఎంత ఆరినా చేతికి కాస్త జిగురు తగులుతూనే ఉంటుంది. అది దీని స్వభావం. గీత పడితే చుట్టూ ఉన్న పూత మెల్లగా జరిగి దాన్ని కప్పేది కూడా ఆ జిగురు వల్లే. తలుపు అడుగున రెండు రేకులు కలిసే అతుకు దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. లోపలి నుంచి స్ప్రే చేసిన కాసేపటికి బయటివైపు అతుకు వెంట వెంట్రుకంత తడిగీత తేలుతుంది. బ్రష్ వెళ్లలేని సందులోకి పూత పాకిందనడానికి అదే గుర్తు. ఆ గీత రాకపోతే సందులో మట్టో, పాత సీలెంటో అడ్డుపడి ఉన్నట్టే. తలుపులకి, చాసిస్ పెట్టెలకి కంప్రెసర్ గన్నుకి పొడవాటి గొట్టం, చుట్టూ చిమ్మే నాజిల్ తగిలించి కొట్టాలి. కొట్టిన తర్వాత అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో తీగ పెట్టి తిప్పడం మరవొద్దు. మైనంతో అవి మూసుకుంటే తలుపు నీళ్లతొట్టి అవుతుంది.

ఎంతకాలం నిలిచింది? షెడ్డులో అరల మీద ఉన్న భాగాలకు ఏడాది పైన. తలుపుల లోపల రెండేళ్లకు విప్పి చూసినా తాజాగానే ఉంది. చాసిస్ అడుగున ఆరు నెలలు. చక్రాల వెనక, టైరు నీళ్లు నేరుగా కొట్టే చోట ఒక్క వర్షాకాలం కూడా గట్టిగా ఆగలేదు. అక్కడ దీని మీద ఆశ పెట్టుకోకుండా రబ్బరు లాంటి అండర్‌కోటింగే వేయించాలి.

పక్కనే పెట్టి చూసిన మిగతావాటి సంగతి. వాడేసిన ఇంజన్ ఆయిల్ ఊరంతా పూస్తారు గానీ అది వారాల్లో కారిపోతుంది, అందులో ఆమ్లాలు ఉంటాయి, బుష్ రబ్బరు ఉబ్బుతుంది. గ్రీజు పొడి లోహం మీద బాగుంటుంది, తడి మీద పూస్తే ఆ తడిని లోపలే దాచి కింద తుప్పు పెంచుతుంది. డబ్ల్యూడీ 40 పేరులోని రెండక్షరాలకు అర్థం నీటిని తొలగించడమని. కడిగిన వెంటనే సందుల్లోని తడిని నెట్టడానికి అది చక్కగా పనికొస్తుంది. మిగిల్చే పొర పల్చన కాబట్టి దాని మీద ఈ పూత తప్పనిసరి. వీసీఐ కాగితం, అంటే తుప్పును ఆపే ఆవిరి వదిలే కాగితం, మూసిన సంచిలో అద్భుతం. సంచి నోరు తెరిచి ఉంటే మామూలు కాగితమే.

బ్రేకు డిస్కుల రాపిడి ముఖం, డ్రమ్ము లోపల, చక్రాల స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే మరలు), రబ్బరు భాగాలు, సైలెన్సర్ దగ్గర ఇది పనికిరాదు. స్పేర్ డిస్కుకి నిల్వ కోసం పూస్తే బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో రెండుసార్లు, గుడ్డకి ఏమీ అంటనంత వరకు తుడవాలి. స్టడ్డుకి జిడ్డు ఉంటే అదే టార్క్‌కి (స్పానర్‌తో తిప్పే బలానికి) అది ఎక్కువ సాగుతుంది. పూసిన భాగానికి తర్వాత పెయింటు వేయాలనుకుంటే ముందు కిరోసిన్, ఆపై కొత్త గుడ్డలతో థిన్నర్ రెండుసార్లు. ఒక్క చుక్క మిగిలినా పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది. టింకరింగ్‌కి బండి ఇచ్చేటప్పుడు తలుపుల్లో, చాసిస్‌లో మైనం ఉందని వెల్డింగ్ మేస్త్రీకి ముందే చెప్పండి, అది అంటుకుంటుంది.